రెండంగుళాలు

దొనకొండ పాత రన్‌వే మీద
మేకల్ని అదిలించుకుంటూ దిగింది పుష్పక్.
గుడ్డ రెక్కలు. నాకంటే రెండేళ్ళు పెద్దది.
హెప్సిబా మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"మాలకొండయ్యా, ముల్లు అబద్ధమాడుతోంది" అంది.

నేను బోరు మోటార్ల మనిషిని.
ఓల్టుల ముల్లు తెలుసు, ఆంపియర్ల ముల్లు తెలుసు.
ఎదురుగాలి ఎంత జోరుగా తగులుతోందో
చెప్పే ముల్లుంటదని అప్పుడే తెలిసింది.

"అబద్ధమని ఎట్టా తెలిసింది?"
"రైలుకట్ట వెంబడి పోయాను.
కిలోమీటరు రాయి నించి రాయికి గడియారం పట్టాను,
కురిచేడు దిక్కు ఒకసారి, తిరిగి ఒకసారి.
పోయేటప్పుడు గాలి చేసిన అప్పు
వచ్చేటప్పుడు తీర్చేస్తుంది కదా.
రాళ్ళు నూట ఇరవై అన్నాయి,
ముల్లు తొంభై ఎనిమిది దగ్గర కునుకు తీస్తోంది."

"తక్కువ చూపిస్తే మంచిదేగా మేడం?"
"దాని మాట నమ్మి ఇంకా తోలతాను.
దిగేటప్పుడు రన్‌వే అయిపోతుంది,
మేకలు మిగులుతాయి."

రెక్క కింద, గాలికి మొహం పెట్టి
పుల్లంత ఇత్తడి గొట్టం.
దాని మూతికి వేసే గుడ్డతొడుగు పోయిన వారం మర్చిపోయారంట.
లోపల మట్టి. కందిరీగ కాపురం.
గూట్లో ఆకుపచ్చ పురుగొకటి, చావకుండా బతక్కుండా,
పుట్టబోయే పిల్లకి దాచిన సద్ది.
కార్బొరేటర్ జెట్టుకి ఊదినట్టు ఊదబోతే
చప్పున నా నోరు మూసింది మేడం.
"ఊదకు! ఆ మీటరుకి నీ ఊపిరే తుఫాను."
వెనక పైపు ఊడదీసి
సన్న తీగతో మట్టి రాల్చాం.

దొంగ దొరికాడని సిలారు ఈల వేశాడు.
దొరకలేదు.
మర్నాడు రాళ్ళు నూట ఇరవై, ముల్లు నూటొకటి.

ఆర్.ఎం.పి. ఖాజావలి దగ్గర సెలైన్ గొట్టం అడుక్కొచ్చాను.
చెక్క మీద వంచి కట్టి, నీళ్ళు పోసి,
బట్టల నీలం ఒక చుక్క కలిపి, పక్కన స్కేలు.
సిరంజి మెల్లగా నొక్కుతూ అంది మేడం:
"ఈ కాలికీ ఆ కాలికీ తేడా
నలభై ఎనిమిది మిల్లీమీటర్లయితే, గంటకి వంద."

అంతేనా.
రెండంగుళాలు కూడా లేదు.
మా పక్క ఎనిమిది వందల అడుగులు తోలించి
పుస్తెలు కుదవపెట్టి
రెండంగుళాలు పడితే కొబ్బరికాయ కొడతారు.
అంతే నీళ్ళెత్తు గాలి
ఈ మనిషిని, ఆ ఇంజన్ని, ఆ గుడ్డ రెక్కల్ని
కొండల మీదుగా మోసుకుపోతోందా!

నీలం పైకెక్కింది, ముల్లు వంద చూపింది.
సిరంజి కదలకుండా పట్టుకుంటే
నీలం జారింది, వెంటే ముల్లూ జారింది.
"కలిసి జారాయంటే మీటరు మాట నిజమే.
గాలే దానిదాకా పూర్తిగా రావడం లేదు."

జానెడు జానెడుకీ పైపు నొక్కి పట్టుకుంటూ పోయాం.
రెక్క మొదట్లో, క్లిప్పు కింద,
ఎండాకాలం మడమలా పగిలిన రబ్బరు.
ఇన్నాళ్ళూ ముల్లుని తిట్టాం పాపం.

"డ్రిప్పు పైపుంది, తొడిగేద్దామా?"
మేడం ఏమీ అనలేదు, ఊరికే చూసింది.
బెంగుళూరు నించి పార్సిలు రావడానికి నాలుగు రోజులు,
లైసెన్సున్న ఇంజనీరు వచ్చి సంతకం పెట్టడానికి ఇంకో రెండు.
ఆ ఆరు రోజులూ పుష్పక్ నీడలో మేకలు పడుకున్నాయి.

తర్వాత, రాళ్ళు నూట ఇరవై,
ముల్లు నూట పదిహేడు.
"ఆ మూడూ దాని గుణం" అని
అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి
మీటరు పక్కన అంటించింది.

మర్నాడు చందవరం పక్క సుబ్బరత్తమ్మ చేలో
తెల్లారగట్ట పడ్డాయి నీళ్ళు.
బురద కాళ్ళతో పరిగెత్తుకొచ్చి
"ఎంత పడ్డాయి అబ్బయ్యా?" అంది.
పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసి
"వంద" అన్నాను.
"వందేందిరా?"
చల్లగా తగులుతుంటే
చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.
"గంటకి" అన్నాను.